తరాల మధ్య బరి: హెవీవెయిట్ ఊహా పోటీల కథ

ఒక తరం హెవీవెయిట్ ఛాంపియన్ మరో తరం ఛాంపియన్‌తో తలపడితే గెలుపెవరిదన్న వాదన బాక్సింగ్‌లో వందేళ్లకు పైగా సాగుతోంది. మిగతా విభాగాల్లోనూ ఇలాంటి వాదనలున్నా, హెవీవెయిట్‌లో వాటి వేడి వేరు. ఈ విభాగంలో బరువుకు పైహద్దు లేదు. ఇక్కడ గెలిచినవాడు లోకంలో అందరినీ గెలిచినట్టే లెక్క. 1892లో న్యూ ఆర్లియన్స్‌లో జాన్ ఎల్. సలివన్‌ను జేమ్స్ కార్బెట్ నాకౌట్ చేసినప్పటి నుంచి టైటిల్ ఎక్కువగా ఒకరిని ఓడించి మరొకరికి దక్కుతూ వచ్చింది. అందుకే ఆ వరుసలోని మొదటివాడిని, చివరివాడిని ఎదురెదురుగా నిలబెట్టి చూడాలన్న కోరిక అభిమానులకు సహజంగానే కలిగింది.

ఈ వాదనకు పత్రికల్లో పెద్దరికం తెచ్చినవాడు నాట్ ఫ్లైషర్. 1922లో ‘ద రింగ్’ పత్రికను స్థాపించి, దశాబ్దాల పాటు ఛాంపియన్లను దగ్గరగా చూసినవాడు. అత్యుత్తమ హెవీవెయిట్ల అతని జాబితాలో మొదటి స్థానం జాక్ జాన్సన్‌ది, రెండోది జిమ్ జెఫ్రీస్‌ది. జో లూయిస్‌కు ఆరో స్థానం, రాకీ మార్సియానోకు పదో స్థానం దక్కాయి. కుర్రతనంలో చూసిన వీరులను మించినవారు తరువాత పుట్టలేదన్న నమ్మకం ఆ వరుసలో కనిపిస్తుంది. అయినా జాన్సన్ రక్షణ కళ మీద ఫ్లైషర్ తీర్పును తేలిగ్గా తోసిపుచ్చలేం.

తరాలు నిజంగానే బరిలో ఎదురుపడిన సందర్భాలూ ఉన్నాయి. ఓటమి ఎరుగకుండా విరమించుకున్న జెఫ్రీస్‌ను, నల్లజాతి ఛాంపియన్ జాన్సన్‌ను ఓడించడానికని ఆరేళ్ల తరువాత తిరిగి రప్పించారు. 1910 జూలై 4న రెనోలో జాన్సన్ అతన్ని 15వ రౌండ్‌లో కూలదోశాడు. 1951లో 37 ఏళ్ల జో లూయిస్‌ను మార్సియానో 8వ రౌండ్‌లో పడగొట్టాడు. 1980లో లాస్ వేగాస్‌లో 38 ఏళ్ల ముహమ్మద్ అలీ, ఒకప్పుడు తన స్పారింగ్ భాగస్వామి అయిన లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిని ఆగిపోయాడు. ఈ మూడు పోటీలూ తేల్చింది వయసు సంగతే. ఊహా పోటీలో ఇద్దరూ తమ ఉచ్చదశలో ఉండాలి. ఆ షరతును తీర్చే నిజమైన పోటీ ఎప్పటికీ జరగదు.

ఆ లోటును యంత్రంతో పూడ్చడానికి 1967లో మయామీ రేడియో నిర్మాత మరీ వొరోనర్ పూనుకున్నాడు. 250 మంది బాక్సింగ్ రచయితలు, నిపుణుల అభిప్రాయాలు సేకరించి, బాక్సర్ల రికార్డులతో కలిపి ఎన్‌సీఆర్ 315 కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. పదహారు మంది ఛాంపియన్ల టోర్నమెంట్ రేడియోలో నిజమైన వ్యాఖ్యానంలాగే వినిపించింది. అలీ క్వార్టర్ ఫైనల్‌లో జెఫ్రీస్ చేతిలో ఓడినట్టు తేలింది, విజేత మార్సియానో. సైన్యంలో చేరనన్నందుకు అప్పటికే టైటిల్ పోగొట్టుకున్న అలీ, తన పరువు పోయిందని పది లక్షల డాలర్ల దావా వేశాడు.

దావా రాజీ నుంచే సినిమా పుట్టింది. 10,000 డాలర్లు, లాభాల్లో వాటా ఇస్తామంటే మార్సియానోతో కెమెరా ముందు తలపడడానికి అలీ ఒప్పుకున్నాడు. మార్సియానో 20 కిలోలకు పైగా బరువు తగ్గి, విగ్గు పెట్టుకుని వచ్చాడు. 1969లో 70కి పైగా రౌండ్లు చిత్రీకరించి, వేర్వేరు ముగింపులు సిద్ధం చేశారు. చిత్రీకరణ ముగిసిన కొద్ది వారాలకే, ఆగస్టు 31న, మార్సియానో విమాన ప్రమాదంలో మరణించాడు. 1970 జనవరి 20న సుమారు 1,500 థియేటర్లలో సినిమా ఆడినప్పుడు, అమెరికా ప్రేక్షకులు మార్సియానో 13వ రౌండ్‌లో నాకౌట్‌తో గెలవడం చూశారు. 1952లో జెర్సీ జో వాల్కాట్ నుంచి అతను టైటిల్ గెలిచిందీ 13వ రౌండ్‌లోనే. ఐరోపాలో చూపిన ప్రతిలో మాత్రం అలీ గెలిచాడు. చూసేవారిని బట్టి విజేత మారినప్పుడు, ఆ తీర్పు కంప్యూటర్‌ది కాదు, టికెట్ కొనేవారిది.

తరాలను పోల్చడంలో అసలు చిక్కు నిబంధనలది. 1889లో సలివన్, జేక్ కిల్‌రైన్ గ్లవ్స్ లేకుండా 75 రౌండ్లు పోరాడారు. అప్పట్లో ఎవరైనా కింద పడితేనే రౌండ్ ముగిసేది. 1915లో హవానాలో జెస్ విల్లార్డ్ జాన్సన్‌ను 26వ రౌండ్‌లో పడగొట్టిన పోటీ 45 రౌండ్లకు నిర్ణయించింది. 15 రౌండ్ల టైటిల్ పోటీలు 12కు తగ్గింది, 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ మరణం తరువాతే. జాక్ డెంప్సీ జీవితంలోనే ఈ తేడా కళ్లకు కడుతుంది. 1919లో టొలీడోలో 85 కిలోల డెంప్సీ, 6 అడుగుల 6 అంగుళాలు దాటిన విల్లార్డ్‌ను మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు. ప్రతిసారీ పక్కనే నిలబడి, లేవగానే మళ్లీ కొట్టాడు. 1927లో షికాగోలో జీన్ టన్నీని పడగొట్టినప్పుడు, కొత్త నిబంధన ప్రకారం డెంప్సీ తటస్థ మూలకు వెళ్లేదాకా రిఫరీ లెక్క మొదలుపెట్టలేదు. ఆ వ్యవధిలో తేరుకున్న టన్నీ పాయింట్లపై గెలిచాడు. డెంప్సీని ఏ కాలపు నిబంధనల కింద ఊహించుకుంటున్నారో చెప్పకుండా అతని గెలుపోటములు మాట్లాడడం వృథా.

ఒకే కాలంలో బతికినా జరగని పోటీలు మరింత బాధాకరం. సలివన్ నల్లజాతి బాక్సర్ పీటర్ జాక్సన్‌తో తలపడనన్నాడు. ఏళ్ల తరబడి సవాలు చేసినా మరో నల్లజాతి బాక్సర్ హ్యారీ విల్స్‌కు డెంప్సీతో పోటీ దక్కలేదు. టైటిల్ గెలిచాక జాన్సన్ కూడా తోటి నల్లజాతి బాక్సర్ సామ్ లాంగ్‌ఫర్డ్‌కు అవకాశం ఇవ్వలేదు. కాలం అడ్డుపడిన పోటీలను ఊహించుకోవడం సరదా కావచ్చు. వీటిని ఊహించుకోవడమంటే విల్స్, లాంగ్‌ఫర్డ్‌లకు జరిగిన అన్యాయాన్ని గుర్తించడమే.

ఇప్పటి వాదనంతా దేహ పరిమాణం చుట్టూ తిరుగుతోంది. మార్సియానో బరువు 84 కిలోల దరిదాపుల్లో ఉండేది. 6 అడుగుల 9 అంగుళాల టైసన్ ఫ్యూరీ 115 కిలోలు దాటినవాడు. 1979లో ప్రపంచ బాక్సింగ్ మండలి (డబ్ల్యూబీసీ) హెవీవెయిట్‌కు దిగువన క్రూజర్‌వెయిట్ విభాగం తెచ్చాక, డెంప్సీ, మార్సియానోల వంటివారి చోటు నేడు అక్కడే. చిన్నవాడు పెద్దవాడిని గెలవలేడనేవారికి ఒలెక్సాండర్ ఉసిక్ సమాధానం: క్రూజర్‌వెయిట్ నుంచి వచ్చి, 2024 మే 18న రియాద్‌లో ఫ్యూరీని ఓడించి తిరుగులేని ఛాంపియన్ అయ్యాడు. అయితే ఉసిక్ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, ఆ పోటీకి పాత విభాగం హద్దు కన్నా దాదాపు 10 కిలోలు ఎక్కువ బరువుతో దిగాడు. మార్సియానో ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలే.