గాథాగానము: పియానోయు, కిక్రియు

గాథ యెల్లజాతులయందును బాటగానే పుట్టినది. చెప్పెడి నోరు, వినెడి చెవి, నడుమ నొక కథ: ఈ మూడును దాని యంగములు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో నీ గాథ నోటిని విడిచి పియానో నాశ్రయించినది. పోలండుదేశీయుడగు షోపాన్ 1836లో ప్రకటించిన కృతికి ‘బల్లాడ్’ అని పేరిడెను. 1843 నాటికి నట్టివి నాలుగు వెలువడినవి.

ఆ కృతులు ఏ కథను జెప్పుచున్నవో షోపాన్ తెలుపలేదు. మిత్స్కీవిచ్ కవితలు వానికి బ్రేరకములని షూమాన్ వ్రాసెనుగాని, యే కృతికి నే కవితయో యతడును జెప్పలేదు. అయినను నాలుగింటను బ్రధానభాగములు ఆఱేసి యక్షరముల లెక్కతో నడచుటవలన గథకుని పలుకుతీరు వినబడును.

బ్రామ్స్ త్రోవ వేఱు. ఆతడు 1854లో రచించిన నాలుగింటిలో మొదటిదానికి, హెర్డరు జర్మనులోనికి దెచ్చిన ‘ఎడ్వర్డ్’ అను స్కాట్లండు గాథయే యాధారమని తానే పేర్కొనెను. నెత్తుటికత్తినిగూర్చి తల్లి యడుగుటయు, గొడుకు తప్పించి చెప్పుటయు స్వరములలోనే పోల్చుకొనవచ్చును. కావున షోపాను గాథ కథనమువంటిది. బ్రామ్సు గాథ సంవాదమువంటిది.

వాద్యము నోటిని విడువని స్థితి ఆదిలాబాదు సీమలో గానవచ్చును. రాజగోండులకు వంశపారంపర్యముగా గాయకులైన ప్రధానులు మూడుతంతుల కమానువాద్యమగు కిక్రిని వాయించుచు, పెర్సపేను మహిమను, గోత్రమూలపురుషుల చరిత్రను, పహండీ కుపార్ లింగుని కథను బాడుదురు. హైమెండార్ఫ్ 1940 తరువాతి యేండ్లలో బరిశీలించినపుడు వీరి యింటిమాట మరాఠీ; గాథలమాట గోండి. తమ నిత్యవ్యవహారమునకు వెలియైన భాషలో, పరుల వంశచరిత్రను గంఠస్థముచేసి కాపాడిన వారు వీరు. గోండుల పూర్వకథకు ప్రధానుని జ్ఞప్తియే భాండాగారము.

హైమెండార్ఫ్ 1948లో ప్రకటించిన రాజగోండుల గ్రంథము ఈ గాథలను బండితలోకమునకు దెలిపినది. అందు గథ యాంగ్లమున నిలిచినది. కిక్రినాదము పుటలకు లొంగలేదు. షోపాను ముద్రితప్రతిలో స్వరము గలదు, కథ లేదు. గోండుగాథల ముద్రితప్రతిలో గథ గలదు, స్వరము లేదు.

ఈ రెండు లోపములు సమానములు గావు. షోపాన్ కథను దానే దాచెను. అది రచయిత యిచ్ఛ. ప్రధానుని స్వరము దాచబడినది కాదు, వ్రాయబడనిది. దాచినదానిని వెదకవచ్చును, వ్రాయనిది పాడువానితోనే పోవును. కావున గాథను సేకరించువారు పదముతోబాటు స్వరమును, స్వరముతోబాటు పాడిన సందర్భమును గ్రహించినగాని, తమచేత నున్నది గాథయని చెప్పుకొనరాదు. అది గాథయొక్క సగపాలు మాత్రమే.