నీటి నడుమ నేల: ప్రళయకావేరి దీవులు, మానేరు జలాశయాలు – విహారదృష్టికి అందని చరిత్ర

సంగ్రహం:
సెలవు దినాలలో సరస్సులను, వాటి నడుమనున్న దీవులను చూడబోవడం ఇటీవలి కాలంలో పెరిగిన అలవాటు. ఈ విహారంలో నీరు, పక్షులు, సూర్యాస్తమయం కనిపిస్తాయి. ఆ నేల మీద బ్రతికినవారి చరిత్ర మాత్రం చాలావరకు కనిపించదు. తెలుగునాట సహజంగా ఏర్పడిన పెద్ద ఉప్పునీటి సరస్సు ప్రళయకావేరి, అనగా పులికాట్. దాని దీవుల చరిత్రను పరిశీలించి, ఉత్తర తెలంగాణలో నదులకు అడ్డుకట్టలు వేయడంతో ఏర్పడిన కొత్త దీవులతో పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రళయకావేరి, శ్రీహరికోట, యానాదులు, ఇరకం, మధ్య మానేరు, వరదవెల్లి, కోటిలింగాల, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు సముద్రం లేదు. అయినా ఇక్కడి ప్రజలకు నీటి విహారం కొత్త కాదు. కరీంనగర్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న దిగువ మానేరు జలాశయం, నిర్మల్ జిల్లాలోని కడెం జలాశయం సెలవు రోజులలో సందర్శకులతో నిండుతాయి. పడవలో కూర్చున్నవారికి నీటి మధ్య తేలినట్లు కనిపించే గుట్టలు ప్రకృతి నిర్మించిన దీవులుగానే తోస్తాయి. కానీ అవి ఒకప్పటి ఊళ్ల గుట్టలు. కింద ఉన్నవి పొలాలు, బాటలు, బావులు.

నీటిని చూడడానికి వెళ్లేవారి చూపుకూ, నీటితో బ్రతికేవారి అనుభవానికీ మధ్య ఉన్న ఈ దూరం చరిత్ర రచనకు సంబంధించిన సమస్య. ఒక ప్రదేశానికి ఏ కాలంలో ఏ వర్ణన స్థిరపడింది, ఆ వర్ణన ఎవరి అవసరానికి పుట్టింది, అందులో ఎవరు లేకుండా పోయారు అనే ప్రశ్నలు ఇక్కడ ముఖ్యం. వీటికి సమాధానం వెదకడానికి ప్రళయకావేరి తగిన ఉదాహరణ. అక్కడ నాలుగు శతాబ్దాలకు పైగా బయటివారు రాసిన పత్రాలున్నాయి. అక్కడివారు చెప్పుకున్న మాటలు మాత్రం చాలా తక్కువగా నమోదయ్యాయి.

2. ప్రళయకావేరి స్వరూపం

లాగూన్ అని భూగోళ శాస్త్రం పిలిచే ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో పెద్దది పులికాట్. ఇది ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉంది. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొన తమిళనాడులోనూ ఉన్నాయి. పూర్వం నెల్లూరు జిల్లాలో ఉన్న ఆంధ్రప్రదేశ్ భాగం 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరింది. బంగాళాఖాతానికీ సరస్సుకూ మధ్య అడ్డుగోడవలె నిలిచిన ఇసుక నేలయే శ్రీహరికోట. లోపల ఇరకం, వేనాడు వంటి దీవులున్నాయి.

కాళంగి, ఆరణి, స్వర్ణముఖి నదుల మంచినీరు ఒక వైపు నుండి, ముఖద్వారాల గుండా సముద్రపు ఉప్పునీరు మరొక వైపు నుండి ఈ సరస్సులో కలుస్తాయి. ఈశాన్య ఋతుపవనాల కాలంలో నీరు నిండి ఉప్పదనం తగ్గుతుంది. ఎండాకాలంలో నీరు ఇంకి ఉప్పదనం పెరుగుతుంది. ఉత్తర భాగంలో చాలా మేర నేల బయటపడుతుంది. సగటు లోతు ఒక మీటరుకు అటూ ఇటూ మాత్రమే. రాజహంసలు నీటిలో నిలబడి మేత వెదుక్కోవడానికి ఈ లోతు తక్కువతనమే కారణం. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే చేపలూ రొయ్యలూ లోపలికి రావడం తగ్గుతుంది. కనుక సందర్శకుడికి అందంగా కనిపించే ఇసుకమేట జాలరికి జీవనోపాధి ప్రశ్న అవుతుంది.

3. రేవుగా సరస్సు

పాశ్చాత్య పత్రాలలో ఈ ప్రాంతం మొదట కనిపించేది వర్తక కేంద్రంగా. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి కాలానికే పులికాట్ నుండి నూలు వస్త్రాలు మలక్కా మొదలైన తూర్పు రేవులకు వెళ్లేవి. ఆ వస్త్రాలకు బదులుగా సుగంధద్రవ్యాలు వచ్చేవి. 1610లో విజయనగర ప్రభువు రెండవ వేంకటపతి రాయల అనుమతితో డచ్చివారు ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. 1612లో పోర్చుగీసువారు దాన్ని ధ్వంసం చేయగా, 1613లో గెల్‌డ్రియా కోట వెలిసింది. 1690లో నాగపట్నానికి మార్చే వరకు కోరమండల్ తీరంలో డచ్చి వారి పాలనా కేంద్రం పులికాటే.

ఈ కోటలో 1632 నుండి 1642 వరకు మతగురువుగా ఉన్న అబ్రహాం రోజెరియస్ పద్మనాభుడనే బ్రాహ్మణుని సహాయంతో హిందువుల ఆచారాలపై గ్రంథం రచించాడు. 1651లో లైడెన్‌లో ప్రచురితమైన ఆ గ్రంథంలో భర్తృహరి సూక్తుల డచ్చి అనువాదం ఉంది. సంస్కృత సాహిత్యం ఐరోపా భాషలోకి వెళ్లిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. అదే రేవు నుండి అదే శతాబ్దంలో మనుషులను కూడా బానిసలుగా బటావియా మొదలైన చోట్లకు తరలించారు. నేడు పులికాట్‌లో యాత్రికులు చూసే డచ్చి సమాధుల రాళ్లపై అధికారుల పేర్లున్నాయి. ఓడలెక్కించిన వారికి అక్కడ ఏ రాయీ లేదు.

సరస్సు ఉత్తర దిశలోని దుగరాజపట్నంలో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ 1626 ప్రాంతంలో వర్తక స్థావరం ఏర్పరచింది. ఆంగ్ల పత్రాలలో దీని పేరు ఆర్మగాన్. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల వారి నుండి మద్రాసు నేలను పొందడంతో ఈ రేవు వెనుకబడింది. అనగా మద్రాసు నగర చరిత్రకు పూర్వపీఠిక ఈ సరస్సు అంచునే ఉంది.

4. అడవిగా దీవి: యానాదులు

వర్తకుల పత్రాలలో కనిపించని శ్రీహరికోట 19వ శతాబ్దిలో ప్రభుత్వ పత్రాలలోకి వచ్చింది. 1835లో కంపెనీ ప్రభుత్వం ఈ దీవిని స్వాధీనం చేసుకుంది. మద్రాసు నగరానికి వంటచెరకు సమకూర్చడం దాని లక్ష్యం. తరువాత బకింగ్‌హాం కాలువగా ప్రసిద్ధమైన జలమార్గం కట్టెల రవాణాకు అనుకూలించింది.

ఆ అడవిలో అప్పటికే యానాదులు ఉన్నారు. తేనె, కుంకుళ్లు, ఔషధ మూలికలు, రంగుల అద్దకానికి వాడే చిరివేరు సేకరించడంలో వారికున్న నేర్పును ప్రభుత్వం వినియోగించుకుంది. కోరమండల్ వస్త్రాలకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన ఎరుపు రంగు చిరివేరు నుండి వచ్చినదే. నేతగాడు, అద్దకపువాడు, వర్తకుడు వస్త్ర చరిత్రలో స్థానం పొందారు. ఇసుక నేలలో వేరు తవ్వినవారి ప్రస్తావన అరుదు.

1909లో వెలువడిన ఎడ్గర్ థర్స్టన్ సంపుటాలలో యానాదులపై విస్తృతమైన వివరణ ఉంది. అయితే అది వారిని వర్గీకరించవలసిన జనంగా చూసిన వర్ణన. వెన్నెలకంటి రాఘవయ్య 1962లో ప్రచురించిన యానాదుల గ్రంథం వారి హక్కుల కోసం పనిచేసిన వ్యక్తి రచన కనుక దాని దృష్టి వేరు. ఈ రెండింటిలోనూ మాట్లాడేది యానాదులు కారు. ఆధారాలు లేకపోవడం కాదు, ఆధారాలన్నీ ఇతరుల చేతి రాతలు కావడమే ఇక్కడి చరిత్రకారునికి ఎదురయ్యే ప్రధాన పరిమితి.

5. ప్రయోగ కేంద్రం, పక్షి కేంద్రం

1969లో శ్రీహరికోటను అంతరిక్ష ప్రయోగాలకు ఎంపిక చేశారు. తూర్పున విశాలమైన సముద్రం ఉండడం, భూమధ్యరేఖకు కొంత సమీపంలో ఉండడం, జనసాంద్రత తక్కువగా ఉండడం ఇందుకు అనుకూలించాయి. 1971 అక్టోబరు 9న రోహిణి–125 రాకెట్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి–3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఈ విజయం దేశ చరిత్రలో నిస్సందేహంగా గొప్ప ఘట్టం. అయితే ‘తక్కువ జనం’ అన్న లెక్కలో ఉన్నవారు దీవిలోని పల్లెలను వదిలి వెళ్లవలసి వచ్చింది. అడవి, సరస్సు రెండింటిపైనా ఆధారపడినవారికి కొత్త నివాసం అంటే ఇంటి మార్పు మాత్రమే కాదు, వృత్తి మార్పు కూడా.

1976లో ఆంధ్రప్రదేశ్ భాగం పక్షుల అభయారణ్యం అయింది. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వేసిన రోడ్డు రాజహంసలను చూసే ప్రధాన స్థలంగా మారింది. దొరవారిసత్రం సమీపంలోని నేలపట్టు చెరువులో గూడబాతులు గూళ్లు కడతాయి. 2001 నుండి ఫ్లెమింగో పండుగ జరుగుతున్నది. తడ మండలంలోని భీమునివారిపాలెం పడవల రేవు విహారయాత్రికులకు పరిచితమైనది. అదే రేవు ఇరకం దీవి వాసులకు నిత్యావసర మార్గం. సంతకూ, వైద్యానికీ, పై చదువుకూ వారు పడవెక్కి ఒడ్డుకు రావలసినవారు. వేనాడు దర్గా గంధోత్సవానికి మతభేదం లేకుండా జనం వస్తారు. పడవ ఒకరికి వినోదం, ఒకరికి దారి, మరొకరికి మొక్కు.

ఈ దీవుల లోపలి మాటను సాహిత్యం కొంత నిలిపింది. స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ అక్కడి పలుకుబడిలో, అక్కడి బాల్యస్మృతుల ఆధారంగా వచ్చిన రచన. చేపల పేర్లు, గాలుల పేర్లు, వంటల పేర్లు ఏ ప్రభుత్వ పత్రంలోనూ ఉండవు. అవి ఒక భాషాప్రాంతపు చారిత్రక ఆధారాలు. ఆ భాష మాట్లాడేవారు చెదిరిపోయిన తర్వాత వాటిని మళ్లీ సేకరించడం దుష్కరం.

6. మానేరు, గోదావరి తీరాల కొత్త దీవులు

ప్రళయకావేరి దీవులు వేల సంవత్సరాల ప్రకృతి పరిణామం. ఉత్తర తెలంగాణలోని దీవులు ఒక్క తరంలో ఏర్పడ్డాయి. మానేరుపై మానువాడ వద్ద నిర్మించిన మధ్య మానేరు జలాశయం సుమారు 25 టీఎంసీల సామర్థ్యం కలది. దాని కింద అనేక గ్రామాలు మునిగాయి. రాజన్న సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలంలోని వరదవెల్లి వాటిలో ఒకటి. ఊరు ఖాళీ అయింది. గుట్టమీది దత్తాత్రేయ ఆలయం నీటి నడుమ మిగిలింది. కాలినడకన ఎక్కే గుట్టకు ఇప్పుడు భక్తులు పడవపై వెళ్తున్నారు. కొత్తగా చూసేవారికి అది దీవి. ఊరు విడిచినవారికి అది తమ ఊరి గుట్ట.

గోదావరి తీరాన కోటిలింగాల పరిస్థితి మరొక తీరు. పెద్దవాగు గోదావరిలో కలిసేచోట, నేటి జగిత్యాల జిల్లాలో, ఈ ప్రాచీన నగర అవశేషాలున్నాయి. ఎదుటి ఒడ్డు పూర్వపు ఆదిలాబాద్ జిల్లా. ఇక్కడ లభించిన సిముకుని నాణేలు, అతనికి ముందటి గోబద, నారణ, కంవాయ, సమగోపుల నాణేలు శాతవాహనుల తొలి దశపై చర్చను తెలంగాణ వైపు తిప్పాయి. పి.వి.పరబ్రహ్మశాస్త్రి ఈ నాణేల ప్రాముఖ్యాన్ని వివరించారు. వి.వి.కృష్ణశాస్త్రి నేతృత్వంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం వెనుక నీరు ఈ తీరానికి చేరడంతో తవ్వకాలకు అందవలసిన నేల భద్రత ప్రశ్నార్థకమైంది. నదీ విహారానికి అనువైన నిండు నీరు, పురావస్తు పరిశోధనకు అవరోధం కావడం ఇక్కడి వైరుధ్యం.

సాగునీటి అవసరాన్ని ఈ పరిశీలన కాదనడం లేదు. కరువు అనుభవించిన ప్రాంతంలో జలాశయం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ విలువకు మూల్యం చెల్లించినవారి పేర్లు చరిత్రలో ఉండాలన్నదే ఇక్కడి వాదన.

7. పోలిక

రెండు ప్రాంతాల మధ్య ఒక సామ్యం, ఒక భేదం స్పష్టంగా ఉన్నాయి. శ్రీహరికోటలోనూ, మధ్య మానేరులోనూ ప్రజోపయోగం పేరిట నేల సేకరణ జరిగింది. ఆ తరువాత ఆ పరిసరాలు దర్శనీయ స్థలాలయ్యాయి. ఇది సామ్యం. భేదం కాలానికి సంబంధించినది. శ్రీహరికోట పల్లెలను పెద్దవారిగా విడిచినవారి తరం నేడు దాదాపు గడిచిపోయింది. మానేరు ముంపు గ్రామాల పెద్దలు పునరావాస కాలనీలలో ఇంకా ఉన్నారు. వాడల పేర్లు, చెల్కల పేర్లు, ఒర్రెల పేర్లు, బొడ్రాయి ఉన్న చోటు, బతుకమ్మను నిమజ్జనం చేసిన చెరువు వారికి గుర్తున్నాయి. అక్కడ దొరకని ఆధారం ఇక్కడ దొరుకుతుంది. కానీ ఎక్కువ కాలం కాదు.

8. ముగింపు

పై పరిశీలన నుండి తేలిన అంశాలు:

1. ప్రళయకావేరి ఒక్కొక్క కాలంలో రేవుగా, వంటచెరకు అడవిగా, ప్రయోగ కేంద్రంగా, పక్షి కేంద్రంగా వర్ణితమైంది. ప్రతి వర్ణన బయటి అవసరం నుండి పుట్టినదే.

2. యానాదుల శ్రమ వస్త్ర వర్తకానికీ, నగర ఇంధనానికీ ఆధారమైనా, వారి చరిత్ర ఇతరుల రచనల ద్వారానే మిగిలింది.

3. ఉత్తర తెలంగాణ జలాశయాలలోని దీవులు ముంపు గ్రామాల శేషాలు. వాటిని ప్రకృతి దృశ్యాలుగా మాత్రమే పరిచయం చేస్తే ఒక తరం అనుభవం మరుగున పడుతుంది.

4. రెవెన్యూ నక్షాలు, ముంపుకు ముందటి ఛాయాచిత్రాలు, పెద్దల మౌఖిక కథనాలు, స్థలనామాలు కలిపి గ్రామాలవారీగా నమోదు చేయడం కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలు చేపట్టదగిన పని. పడవల రేవుల వద్ద మునిగిన ఊళ్ల పేర్లతో ఫలకాలు ఉంచడం దానికి సులువైన ఆరంభం.

విహారానికి వచ్చినవారు నీటిని చూసి ఆనందించడంలో తప్పు లేదు. పడవ ఏ ఊరి మీదుగా సాగుతున్నదో వారికి తెలిసేలా చేయవలసిన బాధ్యత చరిత్రకారులది.