బరిలో ఎవరి బాణీ వారిది: విలక్షణ శైలుల ముష్టియోధులు

తిరుత్తణి నుంచి అరక్కోణం, తిరువళ్లూరుల మీదుగా చెన్నైకి వెళ్లే రైలు మార్గంలో చివరగా పెరంబూరు, వ్యాసర్పాడి స్టేషన్లు వస్తాయి. వాటికి తూర్పున రాయపురం, కాశిమేడు ఉన్నాయి. తమిళనాట ముష్టియుద్ధానికి ఈ ఉత్తర చెన్నై పేటలు పెట్టింది పేరు. కార్మికులు, మత్స్యకారులు నివసించే ఈ ప్రాంతంలో సార్పట్టా, ఇడియప్ప అనే రెండు పరంపరల మధ్య దశాబ్దాల తరబడి పోటీ సాగింది. ఆంగ్లో-ఇండియన్ యోధుడు నాట్ టెర్రీపై గెలిచిన కిత్తేరి ముత్తు పేరును అక్కడివారు ఇప్పటికీ తలచుకుంటారు. ఆ నేల మీదనే ఎదిగిన వి. దేవరాజన్ 1994లో బ్యాంకాక్‌లో జరిగిన ప్రపంచ కప్ పోటీలలో కాంస్య పతకం సాధించి, అనంతరం అర్జున పురస్కారం అందుకున్నారు.

ఆ పరంపరల కథతో పా. రంజిత్ దర్శకత్వంలో 2021లో విడుదలైన 'సార్పట్టా పరంపర' చిత్రంలో పిల్లలను అమితంగా ఆకర్షించే పాత్ర 'డాన్సింగ్ రోజ్'. చేతులు కిందికి వదిలి, నాట్యమాడుతున్నట్లు అడుగులు వేస్తూ ప్రత్యర్థిని తికమకపెట్టే యోధుడతడు. అటువంటి శైలి నిజంగా ఉన్నదా? ఉంటే అది ఎలా పుడుతుంది? దానిని చూసి నేర్చుకోవడం క్షేమమేనా? పిల్లలున్న ప్రతి ఇంటిలోనూ తలెత్తే ఈ ప్రశ్నలకు ప్రపంచ ప్రసిద్ధ యోధుల జీవితాలలో సమాధానాలు లభిస్తాయి.

సాధారణ నిలుపు

కుడిచేతి వాటం గల యోధుడు ఎడమ పాదం ముందుంచి, గడ్డం వంచి, రెండు పిడికిళ్లను దవడల దగ్గర నిలుపుతాడు. ముందున్న ఎడమచేతితో సూటిగా పొడిచే దెబ్బను 'జాబ్' అంటారు. వెనుకనున్న కుడిచేయి బలమైన దెబ్బకు సిద్ధంగా ఉంటుంది. తలకూ పక్కటెముకలకూ రక్షణ కల్పించే ఈ నిలుపు ముష్టియుద్ధానికి ఓనమాల వంటిది. విలక్షణ శైలి అంటే దీనిని తెలిసి తెలిసి మార్చుకోవడమే.

వంకర చేయే ఆయుధం

అమెరికాలోని దక్షిణ కరోలినాలో ఒక పేద రైతు కుటుంబంలో జో ఫ్రేజియర్ జన్మించాడు. గోనెసంచిలో గుడ్డపేలికలు, మొక్కజొన్న కంకులు, మధ్యలో ఒక ఇటుక కూరి, చెట్టుకు వేలాడదీసి గుద్దుతూ సాధన చేశాడు. చిన్నతనంలో ఒక పంది వెంటపడగా కిందపడి ఎడమచేయి విరిగింది. సరైన వైద్యం అందక ఆ చేయి ఎన్నటికీ పూర్తిగా చాచలేని విధంగా వంకరగానే అతుక్కుంది. కానీ పక్కనుంచి విసిరే 'హుక్' దెబ్బకు కావలసిందీ ఆ వంపే. హెవీవెయిట్ యోధులలో పొట్టివాడైనందున తలను ఎడాపెడా ఊపుతూ, నడుము వంచి ప్రత్యర్థి గుండెల దాకా చొచ్చుకుపోవడం అలవరచుకున్నాడు. 1971 మార్చి 8న న్యూయార్కులో ముహమ్మద్ అలీని 15వ రౌండులో నేలకూల్చి గెలిపించింది ఆ ఎడమచేతి హుక్ దెబ్బే.

పొట్టివారికే ఉపకరించే మరొక పద్ధతిని శిక్షకుడు కస్ డమాటో తీర్చిదిద్దాడు. ఇందులో రెండు పిడికిళ్లూ చెంపలకు ఆనించి, వాటి నడుమ నుంచి తొంగిచూస్తున్నట్లు కదులుతారు. ఈ పద్ధతిలో శిక్షణ పొందిన మైక్ టైసన్ 1986లో 20 ఏళ్ల వయసులోనే హెవీవెయిట్ విజేత అయ్యాడు.

చేతులు దించిన అలీ

ముహమ్మద్ అలీ చేతులు దించి ఆడేవాడు. దెబ్బ వచ్చినప్పుడు పక్కకు తప్పుకోక వెనక్కు వాలేవాడు. శిక్షకులు వద్దని చెప్పే పనులివి. పొడవైన చేతులు, అసాధారణమైన వేగం ఉన్నందున అతనికి చెల్లాయి. 1974 అక్టోబరులో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను ఎదుర్కొన్నప్పుడు వయసు 32 కావడంతో బాణీ మార్చాడు. తాళ్లకు ఆనుకుని దెబ్బలను భుజాల మీద, చేతుల మీద కాచుకుంటూ, అలసిపోయిన ప్రత్యర్థిని ఎనిమిదవ రౌండులో పడగొట్టాడు. 1980లో అలీ మద్రాసు వచ్చి, జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీలో పాల్గొన్నాడు.

ఎడమచేతి వాటం

ఎడమచేత్తో పలక మీద రాసే బిడ్డను కుడిచేతికి మార్పించే పట్టుదల మన ఇళ్లలో ఎరుగనిది కాదు. బరిలో మాత్రం ఎడమచేతి నిలుపు ఒక వరం. ఎదురుగా నిలిచేవారు అటువంటి యోధులతో తరచుగా తలపడి ఉండరు కనుక దెబ్బ ఏ వైపు నుంచి వస్తుందో పోల్చుకోలేరు. ఫిలిప్పీన్స్‌కు చెందిన మానీ పాక్వియావో ఈ నిలుపుతోనే ఎనిమిది వేర్వేరు బరువు విభాగాలలో విజేతగా నిలిచాడు. 1980 నుంచి 1987 వరకు మిడిల్‌వెయిట్ విజేత అయిన మార్విన్ హాగ్లర్ పోటీ మధ్యలోనే ఒక నిలుపు నుంచి మరొక నిలుపుకు మారేవాడు. ఇంట తెలుగు, బడిలో తమిళం మాట్లాడే సరిహద్దు పిల్లలకు ఈ విద్య సులభంగా అర్థమవుతుంది.

నాట్యం వెనుక గీతలు

డాన్సింగ్ రోజ్‌ను చూసినవారికి గుర్తుకువచ్చే నిజమైన యోధుడు ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరానికి చెందిన నసీమ్ హమీద్. తాళ్ల మీదుగా పల్టీ కొట్టి బరిలోకి దిగడం, చేతులు నడుము దగ్గర ఉంచి ఊహించని కోణం నుంచి గుద్దడం అతని బాణీ. అయితే శిక్షకుడు బ్రెండన్ ఇంగిల్ తన వ్యాయామశాల నేల మీద గీతలు గీసి, పిల్లలచేత వాటి వెంట గంటల తరబడి అడుగులు వేయించేవాడు. చూసేవారికి ఆటగా కనిపించినదాని వెనుక ఉన్నది ఆ అభ్యాసమే. కర్రసాములో కర్రకన్నా ముందు అడుగు నేర్పినట్లే ఇదీ. 1995లో ప్రపంచ బిరుదు గెలిచిన హమీద్, 2001 ఏప్రిల్‌లో క్రమశిక్షణతో సాధారణ నిలుపులో ఆడిన మార్కో ఆంటోనియో బరేరా చేతిలో ఓడిపోయాడు. వృత్తి జీవితంలో అతని ఏకైక ఓటమి అదే.

తల్లిదండ్రులు గమనించవలసినవి

నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో న్యూఢిల్లీలోనూ ప్రపంచ విజేత అయింది. మొదట పరుగు పందేల క్రీడాకారిణి అయిన ఆమె 2017లో భుజానికి గాయమై, ఆటకు దూరమై, తిరిగి కోలుకుని ఈ స్థాయికి చేరింది. పరుగు నేర్చిన కాళ్లు, గాయాన్ని ఓర్చిన సహనం ఆమెకు ఏ గారడీకన్నా ఎక్కువ తోడ్పడ్డాయి.

అలీకి 1984లో, 42 ఏళ్ల వయసులో పార్కిన్సన్ వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆ వ్యాధికి దెబ్బలే కారణమా అన్న విషయంలో వైద్యుల మధ్య ఏకాభిప్రాయం లేకున్నా, తలకు పదేపదే తగిలే దెబ్బలు మెదడుకు హాని చేస్తాయన్నది నిర్వివాదం. అందువలన చిత్రం చూసి చేతులు దించే బిడ్డను ముందుగా చేతులు ఎత్తమనడమే పెద్దల కర్తవ్యం. అనుభవం గల శిక్షకుడు, తలకు రక్షణ కవచం, సమానమైన బరువూ వయసూ గల ప్రత్యర్థి ఉన్నచోటికే పిల్లలను పంపాలి. తలకు దెబ్బ తగిలి తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే ఆ రోజే వైద్యునికి చూపాలి. వైద్యుడు అనుమతించేవరకు మళ్లీ బరిలోకి దింపరాదు.

ఫ్రేజియర్‌కు వంకర చేయి, టైసన్‌కు పొట్టితనం, పాక్వియావోకు ఎడమచేతి నిలుపు ఎలా కలిసివచ్చాయో, ప్రతి బిడ్డకూ తన దేహంలోనే ఒక బాణీ దాగి ఉంటుంది. ఓనమాలు దిద్దిన చేతికే అది తనంతట తాను పట్టుబడుతుంది.