పాత పేజీ చెరపని పద్ధతి

1792లో బారామహల్ సీమ టిప్పు సుల్తాన్ నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీ అధికారి అలెగ్జాండర్ రీడ్ దగ్గర సహాయకుడిగా చేరిన థామస్ మన్రో 1799 దాకా ఈ సీమలోనే ఉన్నాడు. ధర్మపురిలో మకాం పెట్టి, పొలాలు కొలిపించి లెక్కలు రాయించాడు. తర్వాతి కాలంలో ఊరి కరణాలు అడంగల్‌ను ఏటా కొత్తగా రాసేవారు: సర్వే నంబరు, రైతు పేరు, వేసిన పంట. నిరుటి అడంగల్‌తో ఈ ఏటి శిస్తు తేలదు.

ఈమెయిల్ సర్వర్ల కథా అంతే.

మెయిల్ ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు ఎలా చేరాలో చెప్పే ఎస్ఎంటీపీ నియమాలను జాన్ పోస్టెల్ 1982లో ఆర్ఎఫ్‌సీ అనే ఇంటర్నెట్ పత్రాల వరుసలో 821వదిగా రాశాడు. ఒకసారి వెలువడిన ఆర్ఎఫ్‌సీలో అక్షరం మార్చరు. మార్పులుంటే కొత్త నంబరుతో కొత్త పత్రం వస్తుంది, పాతది చదువుకోడానికి అలాగే ఉంటుంది. జాన్ క్లెన్సిన్ సంపాదకత్వంలో 2001లో 2821, 2008లో 5321 అలా వచ్చినవే. 2012 నాటి 6531 అయితే ఈమెయిల్ చిరునామానే తెలుగు లిపిలో రాసుకునే వీలు కల్పించింది.

పాత మాన్యువల్ పట్టుకుని నడిపే సర్వర్‌లో ఆ వీలు దొరకదు. మెయిల్ హోస్టింగ్ చూసే మిత్రులారా, సెట్టింగ్ మార్చిన రోజే మాన్యువల్‌లోనూ తేదీ వేసి రాయండి.