ఒక దీపం, మూడు షాపులు

కారులో టైరు గాలి దీపం వెలిగితే విజయనగరం, శ్రీకాకుళం షాపుల్లో ఒక్కో చోట ఒక్కో మాట చెబుతారు. పంక్చర్ షాపులో గాలి కొట్టి పొమ్మంటారు. టైర్ల షోరూములో సెన్సార్ పోయింది, మార్చాలంటారు. ఎలక్ట్రీషియన్ రీసెట్ చేస్తే చాలంటాడు. వీళ్లలో ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని జనం తేల్చేస్తారు. నాకు అలా అనిపించదు. ఈ ప్రాంతంలో టైరు పని పెరిగిన తీరులోనే ఆ తేడాకు మూలం ఉంది.

ఇక్కడ ఆ పని నేర్పింది కారు కాదు, లారీ. విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఘాట్ ఎక్కి కొరాపుట్, జైపూర్, రాయ్‌పూర్ వెళ్లే దారి ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అందులో జైపూర్ దాకా ఉన్న భాగం 26. 2022 దాకా విజయనగరం జిల్లాలోనే ఉన్న సాలూరుకు లారీల ఊరని పేరు. లారీల వెంటే బాడీ కట్టేవాళ్లు, మెకానిక్కులు, టైరు పనివాళ్లు స్థిరపడ్డారు. వెనక జంట చక్రాల్లో లోపలి టైరు కంటికి ఆనదు కాబట్టి రాడ్డుతో కొట్టి, మోతను బట్టి గాలి ఉందో లేదో చెప్పేవారు. అది నిజమైన విద్యే. అయితే వంద పి.ఎస్.ఐ. ప్రాంతంలో ఉండే లారీ టైరుకు నాలుగు తగ్గినా ఆ చెవికి తెలియదు, తెలియనక్కరలేదు. ముప్పై మూడు ఉండే కారు టైరుకు అదే నాలుగు ఎనిమిదో వంతు. లారీల కాలం ముగిసింది, కార్ల షాపులు కొత్తవి కదా అనవచ్చు. కానీ హైవే పక్కన ఒకే కంప్రెసర్‌తో లారీకీ కారుకీ గాలి కొట్టే షాపులు ఇప్పటికీ ఉన్నాయి.

సెన్సార్ వచ్చింది వేరే దారిలో. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్లకున్న ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి జనం చనిపోయాక 2000లో అమెరికా చట్టం చేసింది. ఆ తర్వాత వచ్చిన నిబంధన ప్రకారం గాలి పావు వంతు తగ్గేసరికి దీపం వెలగాలి. మన దగ్గర 2020 నిబంధన ఇంకో రకం: ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్, గాలి హెచ్చరిక మూడూ ఉన్న కారుకు స్టెప్నీ అక్కర్లేదంది. అంటే స్టెప్నీ స్థానంలో దీపాన్ని నిలబెట్టింది. ఆ దీపం భాషను టైరు పనివాళ్లకు నేర్పే బాధ్యతను మాత్రం ఎవరూ తలకెత్తుకోలేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

దీపం వెనక రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో రిమ్ము లోపల, వాల్వు దగ్గర బ్యాటరీతో సెన్సార్ ఉంటుంది. ఆ బ్యాటరీ కొన్నేళ్లకు అయిపోతుంది, చాలావాటిలో సెన్సారే మార్చాలి. రెండోదానిలో టైరులో ఏ పరికరమూ ఉండదు. గాలి తగ్గిన చక్రం కాస్త వేగంగా తిరగడాన్ని బ్రేకుల ఏబీఎస్ పసిగడుతుంది. గాలి సరిచేశాక రీసెట్ చేయాలి. కాబట్టి ముగ్గురి మాటా ఏదో ఒక కారు విషయంలో నిజమే. డబ్బు కోసమే మార్చమంటారనే అనుమానాన్నీ కొట్టిపారేయలేం. దానికి పరీక్ష ఉంది: సాధారణంగా దీపం నిలకడగా వెలిగితే గాలి తక్కువ, ఇంజిన్ వేయగానే నిమిషంపైగా మిణుకుమిణుకుమని ఆపై నిలిస్తే పరికరంలో లోపం. ఆ సంగతి అడగకుండానే సెన్సార్ మార్చమనే షాపును నమ్మక్కర్లేదు. పుష్యమాసపు తెల్లవారుజామున వెలిగి మధ్యాహ్నానికి ఆరిపోయే దీపాన్ని చెడిపోయిందనడమూ తప్పే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే గాలి సుమారు ఒకటిన్నర పి.ఎస్.ఐ. తగ్గుతుంది, అప్పటికే అంచున ఉన్న టైరు గీత దాటుతుంది. అక్కడ గాలి కొట్టించుకోమన్న పంక్చర్ షాపు మాటే సరైనది.