పాత జీపు చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. శాసనములను గూర్చియో, కోటగోడలను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను మాత్రము గ్రంథాలయము వెనుక రేకుల పాకలో నిలిచియున్న పాత జీపును గూర్చి వ్రాయ నిశ్చయించుకొంటిని. కొండమీది గూడెములకు పుస్తకముల పెట్టెలు చేర్చుటకై ఒక దాత కుటుంబమువారు దానిని మనకిచ్చిరి. మూడేండ్లు తిరిగినది, రెండేండ్లుగా కదలలేదు. బాగుచేయింపవలెనని కొందఱును, ఇనుము తూకమునకు అమ్మివేయవలెనని కొందఱును అనుచున్నారు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సంగతి తేలవలసియున్నది. తేల్చుటకు ముందు ఆ బండి పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట మంచిది.

1940వ సంవత్సరమున ఐరోపాలో యుద్ధము ముదిరినప్పుడు అమెరికా సైన్యమునకు బురదలోను, గుట్టలమీదను పరుగెత్తగల చిన్నబండి ఒకటి కావలసివచ్చెను. ఇంజను బలము వెనుక చక్రములకేగాక నాలుగు చక్రములకును అందవలెననియు, నమూనాబండి 49 దినములలో తయారుకావలెననియు నియమము. నూటికి పైగా కంపెనీలకు ఆహ్వానములు పోగా బదులు పలికినవి రెండే. వానిలో ఒకటి పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లర్ పట్టణమందలి బాంటమ్ అను చిన్న కంపెనీ. అది కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరును రప్పించి, కొలదిదినములలోనే పటములు గీయించి, 1940 సెప్టెంబరు 23న బండిని సైన్యమునకు అప్పగించెను. కాని అంత చిన్న కంపెనీ యుద్ధమునకు కావలసినన్ని బండ్లు చేయజాలదని సైన్యము శంకించి, విల్లీస్, ఫోర్డు కంపెనీలను కూడ రంగమునకు దించెను. 1941లో 60 గుఱ్ఱముల బలముగల ఇంజనుతో విల్లీస్ కంపెనీ తెచ్చిన నమూనాయే స్థిరపడెను. తొలుత బండిని కన్న బాంటమునకు తుదకు దక్కిన పని, ఆ జీపుల వెనుక తగిలించు చిన్నబండ్లను చేయుట.

యుద్ధము ముగియులోపల విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి 6 లక్షలకు మించి జీపులు చేసినవి. ఇచట చదువరులు గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ఫోర్డు చేసిన భాగము విల్లీస్ బండికి అమరవలెను; విల్లీస్ భాగము ఫోర్డు బండికి అమరవలెను. యుద్ధరంగమున రెండు బండ్లు చెడినచో, రెంటిని విప్పి ఒకదానిని నడుపుకొనవచ్చును. సామాన్యమైన పనిముట్లతో సామాన్య సైనికుడు విప్పి బిగింపగలుగునట్లు దానిని కూర్చిరి. ఎనుబదియేండ్లు దాటినను ఆ కాలపు జీపులు కొన్ని నేటికిని నడచుచుండుటకు కారణము ఇనుము గట్టితనము మాత్రమే కాదు. విప్పి చూచుటకును, మార్చుటకును వీలుండుటయే.

యుద్ధానంతరము మిగులుబండ్లు లోకమంతట వేలములకు వచ్చినవి. ఇంగ్లండులో రోవర్ కంపెనీకి చెందిన మారిస్ విల్క్స్ తన పొలము పనులకు అట్టి పాతజీపు నొకదానిని వాడుచుండెను. అది పాడైనచో దానికి బదులేమి అను ప్రశ్నయే లాండ్ రోవరునకు బీజమయ్యెను. తొలి నమూనాను 1947లో జీపు చట్రముమీదనే కట్టిరి. 1948 ఏప్రిలులో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనమున క్రొత్తబండి లోకమునకు కనబడెను.

మన దేశమునకు జీపు బర్మా యుద్ధముతో వచ్చెను. 1945లో మహీంద్రా సోదరులును, మాలిక్ గులామ్ మహమ్మదును కలిసి ఉక్కు వ్యాపార సంస్థ నొకదానిని నెలకొల్పిరి. దేశవిభజన కాగా గులామ్ మహమ్మదు పాకిస్తానునకు తొలి ఆర్థికమంత్రియయ్యెను; 1948లో ఇచటి సంస్థ మహీంద్రా అండ్ మహీంద్రా అను పేరు దాల్చెను. ఆ సంస్థయే విల్లీస్ జీపుల విడిభాగములు తెప్పించి బొంబాయిలో కూర్చుటకు మొదలిడి, క్రమముగా బండ్లను ఇచటనే తయారుచేయసాగెను. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన పిమ్మట బ్లాకు ఆఫీసరుగారి జీపు పల్లెలకు పరిచితమయ్యెను. ఊరి పొలిమేరలో దుమ్ము లేచిన, సర్కారు వచ్చినదని పిల్లలు పరుగెత్తెడివారు. అమెరికాలో 1968తో ఆగిపోయిన సి.జె.3బి నమూనా వంశము ఇచట అటుపిమ్మట పలు దశాబ్దములు సాగినది. పెట్రోలు ఇంజను పోయి డీజిలు ఇంజను వచ్చెను. మన పాకలోని ఎమ్.ఎమ్.540 ఆ వంశములోనిదే.

పాతబండ్ల కొనుగోలు మన స్వతంత్ర ప్రభుత్వమునకు తొలినాళ్లలోనే ఒక చేదు పాఠము నేర్పెను. 1948లో కాశ్మీరమున పోరు సాగుచుండగా సైన్యమునకు జీపులు తక్షణము కావలసివచ్చెను. లండనులో మన హైకమిషనరుగానున్న వి.కె.కృష్ణ మీనన్ ఒక విదేశీ సంస్థతో సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందము కుదిర్చిరి. అవి వాడి బాగుచేసిన బండ్లు. రేవునకు చేరినవి 155. అవియు సైన్యమునకు పనికిరానివని తేలెను. పార్లమెంటులో అలజడి చెలరేగెను. విచారణ సంఘమునకు మన చిత్తూరు సీమవారైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు నాయకత్వము వహించిరి. వీరే 1956లో లోకసభాపతియైరి. 1955 సెప్టెంబరులో ప్రభుత్వము ఈ వ్యవహారము ముగిసినదని ప్రకటించెను. దోషమెవరిదను తీర్పు నా పని కాదు. ఒప్పందపు కాగితము ఒకచోటను, బండి మఱియొకచోటను ఉన్నప్పుడు కాగితమును మాత్రమే నమ్మరాదనుట మాత్రము స్పష్టము.

ఈ మాట అనుటకు నాకు అధికారము కలదు. నేనును అదే పొరపాటు చేసితిని. 1984లో మన రాష్ట్రమున కరణీకములు రద్దైనను మా యింట లెక్కల విద్య పోలేదు. 1999లో నేను ఒక కార్యాలయమువారి వేలములో పాతజీపు నొకదానిని పాడితిని. రిజిస్ట్రేషను పుస్తకము, పన్ను రసీదులు, ఇంజను నంబరు, చట్రము నంబరు అన్నియు అక్షరము తప్పకుండ సరిచూచితిని. క్రొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు నిగనిగలాడుచుండెను. బండి క్రిందికి మాత్రము దూరి చూడలేదు. నా పంచె నలుగునని కాబోలు!

ఆ యేటి శ్రావణమున ఒక రాత్రి మా తండ్రిగారికి గుండెనొప్పి వచ్చెను. జీపులో పడుకోబెట్టి ఆసుపత్రికి బయలుదేరితిమి. వాగు నడుమ వెనుక చక్రములు ఇసుకలో కూరుకొనెను. నాలుగు చక్రముల మీట లాగితిని. ముందు చక్రములు కదలలేదు. లాంతరు పట్టించి క్రింద చూడగా ముందు ఇరుసునకు బలమందించు ప్రొపెల్లరు షాఫ్టు అసలే లేదు! ఎవరో ఎప్పుడో ఊడదీసికొనిపోయిరి. గూడెమువారు పదిమంది వచ్చి బండిని భుజములతో ఒడ్డునకు నెట్టిరి. తెల్లవారునప్పటికి ఆసుపత్రి చేరితిమి. దైవకృప వలన మా తండ్రిగారు ఆ తరువాత ఆరేండ్లు జీవించిరి. ఇంటికి వచ్చిన దినమున వారు నాతో అన్నమాట ఇది: "చిట్టా చూచితివి గాని, సరుకు చూడలేదురా అబ్బాయీ." ఆరేండ్లలో మరల ఆ ప్రస్తావన తేలేదు. నేను మఱువలేదు.

ఆంధ్ర భారతమున నన్నయభట్టారకుడు తెనిగించిన నలోపాఖ్యానమును చదివినప్పుడెల్ల నాకు ఆ రాత్రి జ్ఞప్తికి వచ్చును. బాహుకుడను పేర దాగియున్న నలుడు ఋతుపర్ణుని రథమునకు బక్కచిక్కిన గుఱ్ఱములను ఎన్నుకొనెను. రాజు శంకించెను. పైకి కండలేదు గాని వాని లక్షణములు నలుడెఱుగును; ఆ గుఱ్ఱములే వాయువేగమున విదర్భకు చేర్చినవి. ఋతుపర్ణునకో, చెట్టు ఆకులను, కాయలను కంటితో చూచి లెక్కచెప్పు విద్య కలదు. దారిలో ఇరువురును తమ విద్యలను మార్చుకొనిరి. లెక్క తెలిసినవానికి గుఱ్ఱము తెలియదు, గుఱ్ఱము తెలిసినవానికి లెక్క తెలియదు. రెండును కలిసినప్పుడే కార్యము నెరవేరెను. మెకానిక్కు మేస్త్రీయు, లెక్కలవాడును కలిసి చూడనిదే పాతబండిని కొనరాదని నేను ఈ కథనుండి గ్రహించితిని.

ఇక చూడవలసినవేవి? మొదట చట్రము. తలుపులు, రేకులు తుప్పు పట్టిన మార్పించవచ్చును. చట్రము చీలినచో బండి ప్రాణమే చీలినట్లు. కమాను కట్టలు బిగించు చోట్లను, రంగు క్రింద దాచిన వెల్డింగు అతుకులను సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. రెండవది, ట్రాన్స్‌ఫర్ కేసు. గేరు పెట్టె వెనుకనుండు ఈ పెట్టెయే బలమును వెనుక ఇరుసునకును, కోరినప్పుడు ముందు ఇరుసునకును పంచును. ఎగుడులో వేగము తగ్గించి బలము పెంచు తక్కువ గేరు కూడ ఇందులోనే కలదు. మెత్తని నేలమీద మీట వేయించి, ముందు షాఫ్టు తిరుగుచున్నదో లేదో కంటితో చూడవలెను. మూడవది, ముందు చక్రముల మూలనున్న గుండ్రని పిడికిళ్లు. అచట సీళ్లు అరిగిన గ్రీజు కారును, నీరు చొరబడును. నాలుగవది, నంబరులు. హర్యానాలోని మండీ డబ్వాలీ వంటి చోట్ల పలు పాతబండ్ల భాగములతో క్రొత్త జీపులు కట్టుటలో నేర్పరులు కలరు. పనితనము మెచ్చదగినదే, కాని చట్రము నంబరు, ఇంజను నంబరు రిజిస్ట్రేషను పుస్తకముతో సరిపోనిచో, ఇంజను మార్పు అందు నమోదు కానిచో, ఆ బండి మనది కానట్లే.

నడుపుటలోను ఒక నియమము కలదు. మలుపులో ముందు చక్రములు, వెనుక చక్రములు సమానమైన దూరము పోవు. ఈ తరహా జీపులో ఆ తేడాను సర్దు ఏర్పాటు రెండు ఇరుసుల నడుమ లేదు. బురదలోనైన చక్రము జారి తేడా తీరును. తారురోడ్డుమీద నాలుగు చక్రములు కలిపి నడిపినచో ఆ ఒత్తిడి షాఫ్టులమీదను, పండ్లచక్రములమీదను పడి అవి అరుగును. టైర్లు నాలుగును ఒకే కొలతవి కాకున్నను ఇదే కీడు. వాగు దాటిన పిమ్మట ఇరుసుల నూనె చూడవలెను. పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని గుర్తు, వెంటనే మార్పింపవలెను. షాఫ్టుల కీళ్లకు వేళకు గ్రీజు పట్టింపవలెను. ఇది పెద్ద విద్య కాదు, మఱువకుండుటయే విద్య.

మన బండి సంగతికి వత్తును. నమ్మకమైన మేస్త్రీతో కలిసి దానిక్రింద చాప పఱచుకొని నేనే దూరి చూచితిని. ఈమారు పంచె నలిగినది. చట్రము గట్టిగానున్నది. ముందు షాఫ్టు ఉన్నది. చెడినవి బ్రేకు సిలిండర్లు, ముందు చక్రముల సీళ్లు, బ్యాటరీ, రేడియేటరు గొట్టములు. ట్రాన్స్‌ఫర్ కేసులో నూనె చుక్క లేదు. కావున బండిని పాడుచేసినది ముసలితనము కాదు, మన మఱపే. మూడేండ్లలో ఎవరు ఎప్పుడు నూనె పోసిరో తెలిపెడి కాగితము ఒక్కటియు మనవద్ద లేదు. ఏ పుస్తకము ఎవరి యింటనున్నదో పాతికేండ్ల లెక్క చెప్పగల గ్రంథాలయము, ఆ పుస్తకములను మోసిన బండికి ఒక పుటయైనను కేటాయింపలేదు.

15 ఏండ్లు దాటిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషనును 2023 ఏప్రిలు 1 నుండి రద్దుచేయునట్లు కేంద్ర ప్రభుత్వము నియమము చేసెను. మన బండి సర్కారుది కాదు. దానికి పరీక్ష నెగ్గి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొను మార్గము కలదు. కావున సభ్యులకు నా మనవి ఇది. నూనె, గ్రీజు, బ్రేకులు, తిరిగిన మైళ్లు, దాటిన వాగులు వ్రాయుటకు ఒక పుస్తకము పెట్టి, దానికి బాధ్యుడైన మనిషిని సభలో ఎన్నుకొనగలిగిననే బండిని బాగుచేయింతము. అట్టివాడు దొరకనిచో నేడే అమ్మివేసి, ఆ సొమ్ముతో గూడెములలోనే పుస్తకముల బీరువాలు పెట్టింతము. బాగుచేయించి మరల పాకలో వదలుట మాత్రము వలదు. గూడెము పిల్లలు రెండేండ్లుగా క్రొత్తపుస్తకము చూడలేదు. ఆ వాగులో నా జీపును మోసినవారు ఆ పిల్లల తాతలే.

ఆ పుస్తకము వ్రాయుటకు ఎవరును ముందుకు రానిచో, మొదటి సంవత్సరము నేను వ్రాసెదను. సరుకు చూచియే వ్రాసెదను.