థైరాయిడ్ మాత్ర వేసుకోగానే టీ తాగుతున్నారా? హైపో థైరాయిడ్ ఉన్నవాళ్లు ఏం తినాలి.. ఏం తినకూడదు?

హైపో థైరాయిడ్ అని తేలగానే చాలామంది చేసే మొదటి పని.. క్యాబేజీ, గోబీ, పల్లీలు బంద్ పెట్టడం. వేరుశనగ బాగా పండే వనపర్తి జిల్లా గోపాల్‌పేట వైపు పల్లీలు మానేయాలంటే మాటలా? నిజానికి అంత భయం అక్కర్లేదు. ముందు చూసుకోవాల్సింది మాత్ర వేసుకునే టైమ్.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

థైరాక్సిన్ మాత్రను పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట వరకు టీ, కాఫీ, పాలు, టిఫిన్ వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల గ్యాప్ ఉండాలి. లేదంటే థైరాక్సిన్ ఒంటికి సరిగ్గా పట్టదు.

గర్భిణులకు ఐరన్, కాల్షియం రెండూ ఇస్తారు. కాబట్టి వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. తల్లిలో థైరాయిడ్ హార్మోన్ బాగా తగ్గితే కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. గర్భం అని తెలియగానే డాక్టర్‌ను కలిసి డోసు సరిచూసుకోవాలి. మాత్ర మాత్రం ఆపొద్దు.

ఏవి తినొచ్చు?

* జొన్నరొట్టె, పప్పులు, ఆకుకూరలు: వీటిలోని పీచు ఈ సమస్యతో వచ్చే మలబద్ధకాన్ని తగ్గిస్తుంది.
* గుడ్లు, చేపలు: థైరాయిడ్‌కు కావాల్సిన అయోడిన్, సెలీనియం దొరుకుతాయి.
* క్యాబేజీ, గోబీ: ఉడికించి తింటే ఇబ్బంది లేదు. రోజూ పచ్చి జ్యూస్ తాగొద్దు.
* పల్లీలు: గుప్పెడు తినొచ్చు. కేలరీలు ఎక్కువ కాబట్టి బరువు పెరుగుతున్నవాళ్లు లెక్క చూసుకోవాలి.
* సజ్జరొట్టె: అప్పుడప్పుడు తినొచ్చు. మూడు పూటలా అదే వద్దు.
* సోయా: మాత్ర వేసుకున్న వెంటనే తినొద్దు.

ఏ ఉప్పు వాడాలి?

పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. గర్భిణులకు 250 మైక్రోగ్రాములు. విడిగా అమ్మే దొడ్డుప్పులో, సైంధవ లవణంలో సాధారణంగా అయోడిన్ కలపరు. ప్యాకెట్‌పై 'అయోడైజ్డ్' అని ఉందో లేదో చూసి కొనండి. మూత గట్టిగా పెట్టి, తడి తగలకుండా ఉంచండి. అలాగని ఎక్కువ వాడొద్దు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. డాక్టర్ చెప్పకుండా అయోడిన్ సప్లిమెంట్లు వేసుకున్నా థైరాయిడ్ దెబ్బతింటుంది.

తిండితోనే తగ్గిపోతుందా?

తగ్గదు. అయోడిన్ సరిపడా అందుతున్నవాళ్లలో ఈ సమస్యకు ప్రధాన కారణం హషిమోటో. అంటే రోగనిరోధక శక్తి సొంత థైరాయిడ్ గ్రంథిపైనే దాడి చేస్తుంది. ఏ పథ్యమూ మాత్రకు బదులు కాదు. డోసు మారిస్తే 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ టెస్ట్ చేయించుకోవాలి. రిపోర్ట్ నార్మల్ వచ్చిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం. డాక్టర్ చెప్పకుండా మానేయొద్దు.